గుప్పిట్లో జుట్టు

పిసిలా జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది. మా దీవిలో అంత జుట్టు ఇంకెవరికీ లేదు. చావింట్లో తక్కువ వరసవాళ్ళు జుట్టు కత్తిరించుకోవాలి, చిరిగిన పెద్ద చాప ఒంటికి చుట్టుకుని వంటపాకలో పొగలో కూర్చోవాలి. పెద్ద వరసవాళ్ళు శవం తల దగ్గర మంచి చాపల మీద కూర్చుంటారు. వాళ్ళ జుట్టు జోలికి కత్తెర పోదు. ఎవరు పోయినా పిసిలా చోటు తల దగ్గరే, నేనూ నా చెల్లెలు ఫానే వంటపాకలోనే. మాకూ ఎక్కడో ఒకచోట పెద్ద వరస ఉండే ఉంటుంది గానీ, ఆ చుట్టాలెవరూ చావరు. అందుకే నా జుట్టు అప్పటిదాకా భుజం దాటిన పాపాన పోలేదు.

ఫానేని పిసిలా తమ్ముడు కిటియోనేకి ఇచ్చాం. ఫానే కడుపు పండగానే పిసిలా మేనత్త అయింది. మా టోంగాలో మేనత్త అంటే తల్లికన్నా పైన, తండ్రికన్నా పైన. బిడ్డకి పేరు ఆవిడ పెడుతుంది. నా ఇంట్లో పెంచుకుంటానంటే మారు మాట్లాడకుండా ఇవ్వాలి. ఆవిడ మనసు నొచ్చుకుంటే బిడ్డకి జబ్బు చేస్తుందని ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాం. నువ్వు నమ్ముతావా అని నన్నడగకండి. పగటిపూట నమ్మను.

వాడు దాదాపు మూడు నెలలు ముందే పుట్టాడు, పెద్దదీవి ఆసుపత్రిలో. మా ఇళ్ళల్లో పుట్టిన పిల్లాడిని ఎత్తుకుంటే చెయ్యి లాగాలి. వీడు ఒక మాదిరి చేపంత తూగలేదు. గాజుపెట్టెలో పడుకోబెట్టి, ముక్కుకి ప్రాణవాయువు గొట్టం ఒకటి, పాలగొట్టం ఒకటి పెట్టారు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఒకసారి చూసి తలుపు వైపు తిరిగేవాళ్ళు. ఒకావిడ ఉండబట్టలేక, "ఇది బిడ్డా, బిడ్డ నీడా?" అంది. పిసిలా ఆవిడని ఆసుపత్రి గేటు దాకా తిట్టుకుంటూ సాగనంపి వచ్చింది. వచ్చి, గాజు మీద చెయ్యి పెట్టి, సముద్రంలో పోయిన తన మొగుడి పేరు పెట్టింది బిడ్డకి. సామియు.

మొదట్లో వాడికి పాలు పట్టలేదు. ఫానే పిండుకొచ్చిన పాలు చెంచాడు కూడా కడుపులో నిలవలేదు. బరువు పెరగకపోగా తగ్గింది. అప్పుడే కళ్ళ డాక్టరు వచ్చాడు. మా దేశపు కుర్రాడే, మెత్తగా మాట్లాడతాడు.

"కంటి లోపల రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరగలేదమ్మా. అమ్మ కడుపులో పెరగాల్సినవి బయట పెరుగుతున్నాయి. పాలు బాగా పట్టి, బరువు ఎక్కితే అవీ దారినపడి పెరిగే అవకాశం ఎక్కువ. అలా కాకపోతే పిచ్చిగా అల్లుకుని కంటి పొరని ఊడలాగేస్తాయి. పైకి ఏమీ కనపడదు. రెండు వారాలకోసారి నేను లోపలికి చూస్తూ ఉండాలి. ముదిరితే రెండు మూడు రోజుల్లోనే లేజరు వెయ్యాలి, ఆక్లాండ్ పంపిస్తాం. బిడ్డ ఎంత లావెక్కినా సరే, చూపించడం మాత్రం మానొద్దు."

అందరం విన్నాం. పిసిలా కూడా విన్నది.

చూడడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. రెప్పలు మూసుకోకుండా సన్నటి తీగ పెట్టి తెరిచి ఉంచారు. కంటి గుడ్డుని చిన్న పుల్లతో పక్కకి తిప్పి, తలకి కట్టుకున్న దీపంతో చూశారు. ఫానే చూడలేక బయటికి వచ్చేసింది. కదలకుండా వాడి కాళ్ళు పట్టుకున్నది పిసిలాయే. సగంలో వాడికి ఊపిరి ఆగింది, ఒళ్ళు నీలంగా మారింది. నర్సు అరికాలి మీద గట్టిగా తట్టి మళ్ళీ ఊపిరి తెప్పించింది. పిసిలా బయటికొచ్చి గోడవారగా వాంతి చేసుకుంది. జుట్టు ముఖానికి అడ్డం పడకుండా నేనే వెనక్కి పట్టుకున్నాను.

రెండోసారి కూడా అలాగే చూశారు. "ఇంకా మొదట్లోనే ఉంది, వచ్చేసారి జాగ్రత్తగా చూడాలి" అన్నాడు డాక్టరు. ఈలోగా పాలు పట్టడం మొదలైంది, బరువు నిలకడగా ఎక్కింది. గొట్టాలు తీసేసి, రొమ్ము పట్టుకోవడం వచ్చాక, మరోసారి కళ్ళు చూసి, రెండు వారాల్లో మళ్ళీ తెమ్మని ఇంటికి పంపారు. ఇంటికి అంటే ఫానే ఇంటికి కాదు. రేవులో దిగగానే పిసిలా చేతులు చాచింది, ఫానే ఇచ్చేసింది. పాలివ్వడానికి తనూ పిసిలా ఇంట్లోనే ఉండిపోయింది.

ఉన్నమాట చెప్పుకోవాలి. అంత సేవ నేనైతే చెయ్యలేను. ఫానేని మంచం దిగనివ్వలేదు ఆవిడ. పొద్దున లేత బొప్పాయి పులుసు, మధ్యాహ్నం కొబ్బరిపాలలో చేప, సాయంత్రం పెండలం. "తిను, ఇది నీకు కాదు, వాడికి" అంటూ నోట్లో కుక్కేది. తల్లీ బిడ్డా గడప దాటకూడదని వాకిలికి మందంగా నారబట్ట వేలాడదీసింది. లోపల పట్టపగలు కూడా మసక వెలుతురే. పాలు తాగాక వాడు పిసిలా పక్కనే పడుకునేవాడు, ఆవిడ జుట్టు ఒక పాయ గుప్పిట్లో పట్టుకుని. లాగేస్తే నిద్రలేచి గుక్కపట్టి ఏడ్చేవాడు. అందుకని ఆవిడ వాడు నిద్రపోయినంతసేపూ మెడ కదల్చకుండా అలాగే పడి ఉండేది.

పాపం కిటియోనే మాత్రం, కొడుక్కి దగ్గర్లో ఉండాలని, పడవల పాకలో పడుకున్నాడు. అక్క ఉన్న ఇంట్లో తమ్ముడు నిద్రపోవడం, ఎదురుగా కూర్చుని మాట్లాడడం మాలో లేవు. కొడుకుని చూడాలంటే అక్క స్నానానికి వెళ్ళేదాకా కొబ్బరిచెట్ల వెనక తచ్చాడేవాడు.

శనివారం శనివారం చేపల తూకం తెప్పించి ఇంటి దూలానికి వేలాడదీసేది పిసిలా. వాడిని గుడ్డలో మూటకట్టి కొక్కేనికి తగిలించేవాళ్ళు. తూకం తెచ్చిన చేపల బేరగాడు ముల్లు చూసి, "అమ్మో, ఈ చేపని కొనాలంటే నా పడవ అమ్ముకోవాలి" అనేవాడు. పిసిలా విరగబడి నవ్వేది. ఆవిడ అలా నవ్వడం మొగుడు పోయాక అదే మొదలు. వచ్చినవాళ్ళందరూ వాడి తొడ గిల్లి, ముడత పడ్డ మణికట్టు చూసి మురిసిపోయేవాళ్ళు. నేనూ గిల్లాను.

డాక్టరు చెప్పిన గడువు దగ్గరపడింది. పెద్దదీవికి పడవ మంగళవారం మాత్రమే ఉంటుంది. శనివారం తూకం అయ్యాక, అందరూ వెళ్ళేదాకా ఆగి, చాప అల్లుకుంటున్న పిసిలా పక్కన కూర్చున్నాను.

"వదినగారూ, మంగళవారం పడవకి బాబుని తీసుకెళ్ళాలి కదండీ."

"ఎక్కడికి?"

"కళ్ళ డాక్టరు దగ్గరికి."

"వాడి కళ్ళకేం? నిక్షేపంలా ఉన్నాయి."

"పైకి కనపడదన్నాడు కదండీ ఆ అబ్బాయి."

"ఆ అబ్బాయే అన్నాడు, బరువెక్కితే కళ్ళు బాగుపడతాయని. ఎక్కాడా లేదా? నువ్వే చూశావుగా."

"ఎక్కినా చూపించమన్నాడండీ. లావెక్కినా మానొద్దన్నాడు."

"వాడు ఎంత ఎక్కుతాడనుకున్నాడో ఏమో! ఇప్పుడు వీణ్ణి చూస్తే వాడే అక్కర్లేదంటాడు."

"చూడాలంటే తీసుకెళ్ళాలి కదండీ మరి!"

ఇంకెవరైనా అయితే ఆ మాటకి నవ్వేసి ఊరుకునేవాళ్ళు. పిసిలా అల్లిక ఆపింది.

"అకనేసీ, ఆ రోజు నువ్వు బయట ఉన్నావు. కాళ్ళు పట్టుకున్నది నేను. నా చేతుల్లో చల్లబడ్డాడు వాడు. చచ్చిపోయాడనుకున్నా. నీకు తెలుసా అది? ఒక సామియుని సముద్రానికిచ్చాను. వీణ్ణి ఆ పుల్లలకీ తీగలకీ ఇవ్వను. నేను బతికుండగా ఇవ్వను."

ఆవిడ కళ్ళలో నీళ్ళు. లేచి వచ్చేశాను గానీ, దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఏడిస్తే మాత్రం? ఏడుపుకి కంటిపొర ఆగుతుందా?

నేరుగా పడవల పాకకి వెళ్ళాను. కిటియోనే ఇంజను విప్పి ముందేసుకున్నాడు.

"ఏమయ్యా, నువ్వు తండ్రివా, రేవులో గుంజవా?" అన్నాను.

"మళ్ళీ ఏమైంది వదినా?"

చెప్పాను. మసి చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"మీసాలొచ్చినప్పటి నుంచీ ఆవిడతో తిన్నగా ఒక మాట ఆడలేదు నేను. ఇప్పుడెళ్ళి నా బిడ్డని నాకియ్యి అనమంటావా? నోరు లేస్తుందా నాకు?"

"లేవకపోతే పిల్లాడికి కళ్ళుండవు."

"నువ్వు తీసుకెళ్ళు. ఫానేని కూడా తీసుకెళ్ళు. మీరు పడవెక్కేటప్పుడు నేను అటు తిరిగి వల సర్దుకుంటూ ఉంటా. తర్వాత తిట్లు నేను తింటా."

అతగాడు ఇవ్వగలిగింది అంతే. అది చిన్నదేమీ కాదని ఇప్పుడనిపిస్తోంది.

సోమవారం పిసిలా స్నానానికి వెళ్ళిన సమయం చూసి ఫానేకి చెప్పాను. అది బిడ్డని ఒళ్ళోకి లాక్కుంది.

"ఆవిడ శాపనార్థాలు పెడితే అక్కా? వీడికే తగిలితే?"

"మేనత్తకి కోపం వస్తే జ్వరం వస్తుందో రాదో నాకు తెలీదు. పడవెక్కకపోతే ఏమొస్తుందో డాక్టరు చెప్పాడు. దేనికి భయపడతావో నువ్వే తేల్చుకో."

అది చాలాసేపు బిడ్డ నుదురు నిమురుతూ కూర్చుంది. "వస్తాను. తెల్లవారుతుండగా పాలకి లేపే సమయంలో తీసుకుని వచ్చేస్తాను" అంది చివరికి.

మంగళవారం తెల్లవారేసరికి రేవులో ఉన్నాను, సంచిలో పాత గుడ్డలు, ఉడికించిన చామదుంపలు పెట్టుకుని. కిటియోనే చెప్పినట్టే అటు తిరిగి వల సర్దుతున్నాడు. సర్దడానికి అందులో ఏమీ లేదు. పడవలోకి పందుల్ని ఎక్కించారు, కొబ్బరికాయల బస్తాలెక్కించారు, బడికి వెళ్ళే పిల్లలెక్కారు. కూత పెట్టారు. సరంగు నా వైపు చూసి, "ఎక్కుతావా, సముద్రాన్ని దీవిస్తావా?" అన్నాడు. ఒక్క క్షణం ఆగమన్నాను. రెండోసారి కూత పెట్టి తాడు విప్పేశాడు. పడవ రాతికట్ట దాటి చిన్నదైపోయేదాకా నిలబడ్డాను. కిటియోనే ఇటు తిరగలేదు.

పిసిలా ఇంటికి వెళ్ళేసరికి ఫానే వాకిట్లో కూర్చుని ఉంది, ఎర్రటి కళ్ళతో.

"ఏమే? ఏమైంది నీకు?"

"వాడి గుప్పిట్లో ఆవిడ జుట్టు ఉందక్కా. ఒక్కొక్క వేలూ విప్పుదామని చూశాను. రెండు వేళ్ళు విప్పేసరికి ఆవిడ కదిలింది. 'ఏంటమ్మా' అంది. 'ఏం లేదండీ' అన్నాను. వాడు మళ్ళీ బిగించేశాడు."

దాని చెంప పగలగొట్టాలనిపించింది. దాని పక్కన కూలబడ్డాను, ఇద్దరం ఏడ్చాం.

పై మంగళవారం గాలివానకి పడవ రాలేదు. ఆ పై మంగళవారం వచ్చింది, కానీ ఫానే ఆ మాట ఎత్తలేదు. వాడు నిండుగా, నిగనిగలాడుతూ ఉన్నాడు. అలాంటి పిల్లాణ్ణి పట్టుకుని గుడ్డివాడవుతాడు అనడానికి నాకే నోరు రాలేదు. బహుశా బాగుపడి ఉంటుందిలే అనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం.

బిడ్డని గడప దాటించే రోజు వచ్చింది. ఊరంతా చేరింది. పిసిలా జుట్టంతా నూనె రాసి వదిలేసి, వాణ్ణి ఎత్తుకుని నారబట్ట తప్పించి బయటికి అడుగేసింది. నడినెత్తిన ఎండ. మేమందరం చేతులు అడ్డం పెట్టుకుంటున్నాం. వాడు మాత్రం సూర్యుడి వైపు ముఖం ఎత్తి, రెప్ప వాల్చకుండా నవ్వుతున్నాడు. ఒకావిడ, "ధైర్యం చూడు వెధవకి!" అని మురిసింది. నేను దగ్గరికి వెళ్ళాను. రెండు కళ్ళలోనూ నల్లగా ఉండాల్సిన చోట కొబ్బరిపాల చుక్క పడ్డట్టు తెల్లగా ఉంది.

పిసిలా నా ముఖం చూసింది. తర్వాత వాడి ముఖం చూసింది. తన చెయ్యి తీసి వాడి కళ్ళ ముందు ఆడించింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. అప్పటికీ జనం నవ్వుతూనే ఉన్నారు.

ఆ మంగళవారం పడవలో ఫానే, నేను, పిసిలా ముగ్గురం వెళ్ళాం. ఈసారి కూడా కాళ్ళు ఆవిడే పట్టుకుంది. డాక్టరు అట్టే సేపు చూడలేదు. దీపం తలమీద నుంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"పొర పూర్తిగా ఊడిపోయిందమ్మా, రెండు కళ్ళకీ. ఇక చేసేదేమీ లేదు."

"ఆ రోజు తెచ్చి ఉంటే?" అన్నాను నేను. పిసిలా వినాలనే అన్నాను. నా కడుపుమంట అలాంటిది.

"లేజరు వేసేవాళ్ళం. వేసినా అందరికీ దక్కదు. చాలామందికి దక్కుతుంది."

పిసిలా అడిగింది, చాలా చిన్న గొంతుతో. "బరువు చాల్లేదా బాబూ? ఇంకా పెట్టాల్సిందా?"

డాక్టరు ఆవిడ వైపు చూశాడు. "లేదమ్మా. బరువు చాలా బాగుంది. మొదట్లో, పాలు పట్టని రోజుల్లోనే నాళాలు దారి తప్పాయి. తర్వాత ఎంత పెట్టినా అవి వెనక్కి రాకపోవచ్చు. అందుకే చూస్తూ ఉండాలన్నది."

ఆ తర్వాత నెలలు గడిచినా ఆవిడ వాడితో తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. వాడు ఆవిడ ఇంట్లోనే పెరిగాడు. జుట్టు పట్టుకుని లేచి కూర్చోవడం నేర్చుకున్నాడు. ఎవరు ఎత్తుకున్నా ముందు తల వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమి చూసేవాడు. ఆ పొడుగాటి జుట్టు తగిలితే తల ఆవిడ భుజం మీద వాల్చేవాడు, తగలకపోతే ఏడ్చేవాడు. నేను మాత్రం ఆవిడతో మాట్లాడడం మానేశాను. ఆవిడ ఎదురైతే దారి మార్చుకునేదాన్ని.

వాడికి ఏడాది నిండిన పండగ చేశాం. మాలో అది పెళ్ళంత పండగ. పందుల్ని కాల్చాం, కొత్త చాపలు గుట్టగా పరిచాం. తల్లి తరపు వాళ్ళం కాబట్టి నేనూ మా వాళ్ళూ తెల్లవారుజాము నుంచీ వంటపాకలో, పొయ్యి గుంతల దగ్గర పొగలో ఉన్నాం. పందిట్లో అన్నిటికన్నా పైన మేనత్త చాప పరిచి ఉంది. అది ఖాళీగానే ఉంది. జనం గుసగుసలాడుతున్నారు.

ఆవిడ వెనక దారిన వంటపాకలోకి వచ్చింది. మొదట నేను గుర్తుపట్టలేదు. చిరిగిన పెద్ద చాప చంకల దాకా చుట్టుకుంది, శవం ఉన్న ఇంట్లో అందరికన్నా తక్కువ వరసవాళ్ళు చుట్టుకునేది. జుట్టు లేదు. చెవుల పైదాకా, ఎగుడుదిగుడుగా, తనే కత్తిరించుకున్నట్టుంది. వచ్చి పొయ్యి పక్కన బూడిదలో కూర్చుంది.

ఆవిడ కింద కూర్చుంటే మేం ఎలా కూర్చుంటాం? వంటవాళ్ళందరం లేచి నిలబడ్డాం.

"ఎవరు పోయారండీ?" అన్నాను. నెలల తర్వాత ఆవిడతో నేనన్న మొదటి మాట అది.

ఆవిడ జవాబు చెప్పలేదు. తక్కువ వరసవాళ్ళు చావింట్లో నోరు విప్పకూడదు. నాకు అర్థమైంది. ఆవిడ వాడి కళ్ళకి మైల పాటిస్తోంది. తన జీవితంలో మొదటిసారి ఒకరి కింద కూర్చుంది, అదీ తన మేనల్లుడి కింద. నిజం చెబుతున్నాను, ఆ బోడి తల చూడగానే నా కడుపులో మంట చల్లారింది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే.

అంతలో ఫానే వాణ్ణి ఎత్తుకుని పాకలోకి పరుగెత్తుకొచ్చింది. పందిట్లో గోలకి వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పిసిలాని చూసి ఫానే నిలువునా ఆగిపోయింది. వంగి బిడ్డని ఆవిడ ఒళ్ళో పెట్టింది.

వాడు ఏడుపు సగంలో ఆపి చెయ్యి చాచాడు. భుజం దొరికింది, మెడ దొరికింది. మెడ వెనక్కి పోనిచ్చాడు. కత్తిరించిన కుదుళ్ళు అరచేతికి గుచ్చుకున్నాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ పోనిచ్చాడు, వీపు మీదకి, చాప మీదకి, అటూ ఇటూ తడిమాడు. ఒళ్ళంతా పొగ వాసనేసే ఎవరో కొత్తమనిషి అనుకున్నాడేమో, వెనక్కి విరుచుకుని అరవడం మొదలుపెట్టాడు.

"నేనేరా నాన్నా! అత్తనిరా!" పిసిలా నోరు విప్పేసింది.

ఆ గొంతు వినగానే వాడు ఆగాడు. ముఖం గొంతు వైపు తిప్పి మళ్ళీ మెడ వెనక తడిమాడు. గొంతు ఉంది, జుట్టు లేదు. ఈసారి ఇంకా పెద్దగా ఏడ్చాడు.

"జుట్టేదండీ? ఎక్కడ పెట్టారు?" అన్నాను.

"పొయ్యిలో వేసేశాను" అంది ఆవిడ.

నేను ఆవిడ పక్కన బూడిదలో కూర్చున్నాను. ఆ ఏడాది మా వైపు ఎవరూ పోలేదు కాబట్టి నా జుట్టు కాస్త భుజం దాటింది. ముడి విప్పి, తల వంచి, ఒక పాయ తీసి వాడి గుప్పిట్లో పెట్టాను. వాడు ఏడుపు ఆపాడు. వేళ్ళ మధ్య దాన్ని మెల్లగా నలిపి చూశాడు, చివరిదాకా తడిమి చూశాడు.

తర్వాత వదిలేసి మళ్ళీ ఏడవడం మొదలుపెట్టాడు.